తాడు నాది, తోట ఆమెది

దయ్యాలూ భూతాలూ అని ఎవరైనా నా ముందు మొదలుపెడితే వాళ్ళ చేతికేదో పని పురమాయించి పంపేదాన్ని. పని లేని బుర్రల్లోకే అలాంటివి వస్తాయని నా నమ్మకం. మా ఆయన చనిపోయిన ఏడు, ఆయన వీధి చివర కనబడ్డాడంటూ పక్కింటావిడ వణుక్కుంటూ వచ్చింది. "కనబడితే బీరువా తాళంచెవి ఎక్కడ పెట్టాడో అడక్కపోయావా" అన్నాను. ఆవిడ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నేను ప్రభువుని నమ్ముకున్నదాన్ని. చచ్చినవాళ్ళు తిరిగి రారు. కాబట్టి ఇది దయ్యం సంగతి కాదు. మరేమిటో నాకూ తెలియదు. నా చదువు మూడో తరగతితో ఆగిపోయింది. అక్షరం అక్షరం కూడబలుక్కుని రాస్తున్నాను. లేనిది అల్లి రాసే తెలివి నాకు లేదని నా ఎరికలో ఉన్నవాళ్ళందరూ చెబుతారు.

నేను ఖతర్‌లో, ఉమ్ సలాల్‌లో ఒక అరబ్బుల ఇంట్లో వంట చేస్తాను. ఈ వయసులో ఇంత దూరం ఎందుకొచ్చావని అడుగుతారు. గోదావరి కాలవ కింద మాకు ఎకరం చేను ఉండేది. అటు పక్కవాళ్ళు రొయ్యల చెరువు తవ్వారు, తరవాత ఇటు పక్కవాళ్ళు తవ్వారు. మధ్యలో మా చేను ఉప్పు తేలిపోయింది. వరి నాటితే ఎర్రబారి చచ్చేది. చివరికి గడ్డి కూడా మొలవలేదు. మనవలు ఎదుగుతున్నారు, నాకు ఒంట్లో ఓపిక ఉంది. వచ్చేశాను.

నేను వచ్చిన చాలా ఏళ్ళకి సుమీ వచ్చింది. ఇండోనేషియా మనిషి. ఇంటి పెద్దావిడకి, అంటే మేడం గారి అత్తగారికి, సేవ చేయడానికి పెట్టుకున్నారు. ఆ పెద్దావిడని అందరం మామా అంటాం. నా కూతురి ఈడుది సుమీ, గట్టిగా మాట్లాడదు, ఎప్పుడూ నవ్వుతూ ఉంటుంది. మొదటి రోజు నుంచే నాకు గిట్టలేదు.

ఎందుకు గిట్టలేదో దాచను. అసూయే. అన్నేళ్ళు నేను వండినా మామా నా పేరు సరిగ్గా పలకలేదు. సుమీ వచ్చిన వారానికే "సుమీ, సుమీ" అని ఇల్లంతా ఒకటే పిలుపు. బయటి వంటగది వెనక ఖాళీ జాగాలో కూరగాయలు వేస్తానని నేను ఎన్నిసార్లు అడిగానో. మాఫీ, మాఫీ అనేవారు, వద్దని. సుమీ ఒక్కసారి అడిగింది, మేడం ఆకుపచ్చ షేడ్ నెట్ కూడా కొని తెప్పించింది.

ఏసీల నుంచి కారే నీళ్ళు బకెట్లలో పట్టి మొక్కలకి పోయొచ్చని చెప్పింది నేను. మేడం మెచ్చుకున్నది సుమీని. బెండా, మలూఖియా ఆకుకూరా, రెండు వంగ మొక్కలూ లేచాయి. గోరింకలు పడి పీకడం మొదలుపెట్టాయి. అప్పుడు సుమీ, నేను పప్పులు పోసుకోవడానికి కడిగి దాచుకున్న టమాటా పేస్టు డబ్బాలూ పాలపొడి డబ్బాలూ పట్టుకుపోయింది. రెండేసి చొప్పున కట్టి, నెట్ గుంజల మీదుగా తాడు లాగి, ఆ తాడు కొస తెచ్చి వంటగది కిటికీ ఊచకి ముడేసింది. లోపల నిలబడి తాడు గుంజితే చాలు, తోటంతా డబ్బాలు గణగణమంటాయి, పిట్టలు ఎగిరిపోతాయి.

మేడం వచ్చి చూసి చప్పట్లు కొట్టింది. మామాని చక్రాల కుర్చీలో తెచ్చి చూపించారు. ఎంత తెలివో అన్నారు.

అది నాకు పుట్టుకతో వచ్చిన విద్య. మా నాన్న గోదావరి లంకలో జొన్న వేసేవాడు. చిలకలు వాలి కంకులు ఒలిచేస్తున్నాయని నన్ను బడి మాన్పించి మంచె ఎక్కించాడు. డబ్బాల తాడు గుంజుతూ, వడిసెల తిప్పుతూ, గొంతు పోయేలా కేకలేస్తూ నా చిన్నతనం ఆ మంచె మీదే గడిచింది. ఆ తాడు వల్లే నా చదువు ఆగింది. సుమీకి ఆ తాడు వల్లే చప్పట్లు పడ్డాయి. పైగా తాడు కూడా నాదే. మా ఊరి సంతలో కొని బట్టలారేసుకోవడానికి పెట్టెలో తెచ్చుకున్న నైలాన్ తాడు. డబ్బాలు నావి, తాడు నాది, పేరు ఆమెది.

డ్రైవర్ రాజన్న నా మొహం చూసి నవ్వేవాడు. జగిత్యాల వైపు మనిషి.

"గంత కడుపుమంటెందుకు పెద్దమ్మా? నాలుగు బెండకాయలకేనా?"

"నోరు మూసుకుని టీ తాగు. చక్కెర ఇంకోసారి అడిగావంటే టీ కూడా ఉండదు."

"ఇద్దరు పోయి నజ్మా బజార్ల హోటల్ వెట్టుకోండ్రి. ఆమె పండిస్తది, నువ్వు వండుతవ్. కొట్లాట చూసెతందుకు నేనొస్త."

నా అసలు కడుపుమంట బెండకాయలకి కాదు. సుమీకి నేల ఉంది.

సాయంత్రాలు ఆకుకూర గిల్లుతూ వాళ్ళ ఊరి సంగతులు చెప్పేది. మేమిద్దరం మాట్లాడుకునే భాషకి పేరు లేదు. కొంచెం అరబీ, కొంచెం హిందీ, మిగతాదంతా చేతులు. నన్ను ఇబు అని పిలిచేది. వాళ్ళలో అమ్మ వయసు ఆడవాళ్ళని అలా పిలుస్తారట.

వాళ్ళది సర్కారు వేసిన ఊరట. జనం కిక్కిరిసిన దీవి నుంచి వాళ్ళ తాతని ఓడ ఎక్కించి, సుమత్రా అనే ఇంకో దీవిలో అడవి కొట్టిన చోట దింపి, అందరికీ ఒకే కొలత నేల, ఒకేలాంటి చెక్క ఇల్లు ఇచ్చారట. పలుగూ పారా, కొన్నాళ్ళకి సరిపడా బియ్యం. ఆ పైన నీ ఒళ్ళు, నీ నేల. కొంతమంది మలేరియాకి పోయారు, కొంతమంది వెనక్కి పారిపోయారు. వాళ్ళ తాత ఉండిపోయి కొండవాలున కాఫీ నాటాడు. కాఫీ చెట్ల మీదకి మిరియం తీగ పాకించకుండా దానికి వేరే గుంజలు పాతాడట. మధ్యమధ్య అరటి. వాళ్ళ తోట పైగట్టున సిమెంటు రాళ్ళు పాతి ఉంటాయట. ఆ రాళ్ళు దాటితే సర్కారు కాపాడే పెద్దడవి. అందులో పుల్ల విరిచినా తప్పే. కానీ అందులోంచి వచ్చే ఏనుగులకి ఆ రాళ్ళు లెక్కలేదు.

"మరి వానలు?" అని అడిగేదాన్ని.

"వాన ఎందుకు అడుగుతావు ఇబు? ఆగదు. వానలో రోడ్డు ఉండదు, బురదే. మోటారు సైకిలు చక్రాలకి గొలుసులు చుట్టి కాఫీ మూటలు దింపుతారు."

"నీళ్ళు తియ్యగా ఉంటాయా?"

"నీళ్ళు నీళ్ళలాగే ఉంటాయి." నా ప్రశ్న ఆమెకి అర్థం కాలేదు. ఉప్పు తేలిన చేను చూసినవాళ్ళకే అర్థమవుతుంది.

వాళ్ళ ఊళ్ళో బడి ఆరో తరగతి వరకే ఉందట. పై చదువుకి కొండ దిగాలి. చదివిన పిల్లలు తిరిగి కొండ ఎక్కడం లేదు. మలేషియా పామాయిలు తోటలకో, ఇలా గల్ఫుకో పోతున్నారు. కాఫీ ధర కింద బజారులో షావుకారు ఎంతంటే అంత. సుమీ తమ్ముడు కూడా అమ్మేసి పోదాం అని కూర్చున్నాడు. ముసలి తండ్రి ఒప్పుకోలేదు. చివరికి ఒక మాట అనుకున్నారు. ఈ ఏడు పంట చేతికొస్తే తోట ఉంటుంది. ఏనుగులు తొక్కేస్తే అమ్మేస్తారు. తోట పోతే సుమీ తిరిగి వెళ్ళడానికి ఇల్లంటూ ఉండదు. అందుకే తండ్రి కాయలు ఎర్రబడే నెలల్లో కొండ మీద గుడిసెలో ఒక్కడే కాపలా ఉండేవాడు.

ఆ గుడిసె మంచె లాంటిదే, నిచ్చెన ఎక్కి పడుకోవాలి. అక్కడి నుంచి వాలు పొడుగునా తాడు, తాడుకి చీల్చిన వెదురు ముక్కలూ డబ్బాలూ. ఏనుగులు కాఫీ తినవట. అరటి కోసం వచ్చి కాఫీ తొక్కేస్తాయట. వస్తే తాడు గుంజాలి, కానీ తిట్టకూడదట. ఏనుగు అన్న పేరు కూడా ఎత్తకూడదు. "పెద్దవాళ్ళూ, మా పొట్ట కొట్టకండి, మీ తోవన మీరు వెళ్ళండి" అని మర్యాదగా అడగాలట. అడవిలో పులికైనా అదే మర్యాద.

"మర్యాదేంటే దొంగలకి? మా చిలకల్ని నేను ఏడు తరాలూ ఎత్తి తిట్టేదాన్ని" అన్నాను. సుమీ చెవులు మూసుకుని నవ్వింది.

అంత పచ్చటి నేల ఉన్న మనిషి వచ్చి నేను అడిగిన ఆ కాస్త జాగా కూడా తీసుకుందే అని నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు. పంట పోవాలని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. రైతు ఇంట పుట్టినదాన్ని, ఎవరి పంటకీ చెడు కోరలేను. ఆ నేల నాదైతే బాగుండునని అనుకున్నాను, అంతే.

ఇక ఆ రోజు సంగతి. ఎండాకాలం. మేడం తన కారులోనే మామాని ఆసుపత్రికి తీసుకెళ్ళింది, తోడుగా సుమీ వెళ్ళింది. మధ్యాహ్నం భోజనాలై, ఇంట్లో మిగిలినవాళ్ళు తలుపులు వేసుకుని పడుకున్నారు. రాజన్న పోర్టికోలో ఇంకో కారు తుడుస్తున్నాడు. నేను బయటి వంటగదిలో గిన్నెలు బోర్లించి, కిటికీ దగ్గర పీట వేసుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. గాలి లేదు. ఉమ్ సలాల్‌లో ఆ వేళకి ఈగ కూడా ఎగరదు.

నెట్ కింద బెండ మొక్కలు కదిలాయి.

పక్కింటి దొడ్డి మేకలు జొరబడ్డాయనుకున్నాను. లేవలేదు. ఉన్నమాట చెబుతున్నాను. తిననీ, తోట నాది కాదు, చప్పట్లు కొట్టించుకున్నవాళ్ళే వచ్చి తోలుకుంటారు అనుకుని బియ్యం ఏరుకుంటున్నాను. మళ్ళీ కదిలింది. ఏదో విరిగింది. బెండ కొమ్మ విరిగిన చప్పుడు కాదది. అరటి చెట్టు పడితే వచ్చే చప్పుడు, నీరున్న దవ్వ నలిగే చప్పుడు. మా ఇంటి చుట్టుపక్కల ఎక్కడా అరటి లేదు.

ఆ వెంటనే వాసన వచ్చింది. తడిసిన మట్టీ, కుళ్ళిన ఆకూ. ఈ దేశం వచ్చాక అలాంటి వాసన నేను ఎరగను.

మంచె మీద పెరిగినవాళ్ళు పంట నలుగుతుంటే చేతులు కట్టుకుని కూర్చోలేరు. అసూయ అసూయే, చెయ్యి చెయ్యే. లేచి తాడు పట్టుకున్నాను.

తాడు తడిగా ఉంది. చల్లగా ఉంది. ఆ ఎండలో, ఊచకి కట్టిన నైలాన్ తాడు బావిలోంచి అప్పుడే తీసిన చేంతాడులా ఉంది. గుంజితే రాలేదు, అంత బరువు. మా తోట ఈ కొస నుంచి ఆ కొసకి ఎంత, రెండు మంచాలు వేస్తే నిండిపోతుంది. ఈ తాడు మాత్రం ఎక్కడో దూరం దాకా వేలాడుతున్నట్టుంది. కాలు గోడకి తన్నిపెట్టి రెండు చేతులా లాగాను. అప్పుడు మోగింది. మా డబ్బాల మోత కాదది. కర్రలు కొట్టుకున్నట్టు టకటకమని, ఒకదాని తరవాత ఒకటి, దిగువకి దిగువకి పోతున్నట్టు.

నెట్ కింద నీడలో ఏదో పెద్దది నిలబడి ఉంది. దాని ఆకారం చూశానని చెప్పను, చూడలేదు. అక్కడ ఉందని మాత్రం తెలిసింది. నాకు భయం వేయలేదు, కోపం వచ్చింది. నోరు దానంతటదే లేచింది.

"పొండెహె! ఎవడబ్బ సొమ్మనుకున్నారే? ముసలాడు ఒక్కడూ కళ్ళల్లో వత్తులేసుకుని కాసిన తోట, మీ మొహాన కొట్టడానికా? సిగ్గుండాలి! ఎనక్కి తిరగండి, తిరగండంటే!"

ముసలాడు అని ఎందుకన్నానో నాకు తెలియదు. మా తోటకి ముసలాడెవరూ లేడు.

చాలాసేపు గుంజాను. ఉన్నట్టుండి తాడు తేలికైపోయింది. వెనక్కి తూలి పీట మీద పడ్డాను, బియ్యం చెదిరిపోయాయి. వాసన పోయింది. రాజన్న తలుపు దగ్గర తడిగుడ్డ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎవల్ని తిడుతున్నవ్ పెద్దమ్మా?"

"మేకల్ని. డబ్బాల మోత వినబడలేదా నీకు?"

అతను తోట వైపు చూశాడు, నా వైపు చూశాడు. "మోతేడిది? నువ్వు గుంజుతనే ఉన్నవ్, నేను ఈడికెల్లి చూస్తనే ఉన్న. డబ్బాలు ఒక్కటి గూడ కదుల్తలేదు. మేకల్లేవ్, ఏం లేవ్. గేటుకు గొళ్ళెమున్నది. ఎండ దెబ్బ తాకింది నీకు, జర నీళ్ళు తాగి పండుకో."

తోటలోకి వెళ్ళి చూశాను. ఒక్క ఆకు నలగలేదు. నేల ఎండి పొడిగా ఉంది. నా అరచేతులు మాత్రం తాడు ఒరుసుకుని ఎర్రగా కమిలిపోయాయి. వాటి గీతల్లో నల్లటి పచ్చటి పాచి. సబ్బుకి పోలేదు, నిమ్మచెక్క పెట్టి రుద్దితే పోయింది. రాజన్న చూశాడు. ఎండ దెబ్బ అన్నవాడు అది చూశాక ఆ రోజు చక్కెర కూడా అడగలేదు.

సుమీకి చెప్పలేదు. ఆమె తోటలో నేను పిచ్చిదానిలా కేకలేశానని చెప్పుకోవడం నాకు నామోషీ.

వాళ్ళ ఊరికి ఫోను సరిగ్గా అందదు. మసీదు వెనక మిట్ట ఎక్కితేనే సిగ్నల్. మర్నాడు కాక ఆ మర్నాడు, టీ వేళకి సుమీ తమ్ముడు ఫోను చేశాడు. సుమీ నిలబడి విని, కూర్చుని ఏడ్చింది. తోట పోయిందేమో అనుకున్నాను. రాజన్న గ్లాసు కింద పెట్టాడు. "ఏమైందమ్మా, నాయినకు మంచిగనే ఉన్నదా?"

ఆమె కళ్ళు తుడుచుకుని చెప్పింది. తండ్రి గుడిసె నిచ్చెన మీంచి జారి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. కింద బురదలో పడి ఉన్నాడు, లేవలేడు. తాడు కొస పైన గుడిసెలో ఉంది. చీకటి పడే వేళకి ఏనుగులు వచ్చాయి. రాళ్ళు దాటి దిగి అరటి విరుస్తున్నాయి. ఇక తోటా లేదు, తానూ లేడు అనుకున్నాడట. అప్పుడు తాడు బిగిసింది. పైన ఎవరూ లేరు, తాడు గుంజుకుంటోంది. వాలు పొడుగునా వెదుళ్ళు మోగాయి. ఏనుగులు నిలబడిపోయి, కాసేపు చూసి, వచ్చిన తోవనే పైకి ఎక్కిపోయాయి. అదేపనిగా మోత ఆగకపోయేసరికి కింద ఊళ్ళోవాళ్ళు దీపాలు పట్టుకుని పరిగెత్తుకొచ్చి ఆయన్ని మోసుకుపోయారు.

"ఎప్పుడు?" అని అడిగాను.

మామాని ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు అంది. వాళ్ళకి మనకన్నా ముందే పొద్దు గుంకుతుంది. ఇక్కడ మధ్యాహ్నం కునుకు వేళ అంటే అక్కడ చీకటి పడే వేళ. రాజన్న నా చేతుల వైపు చూశాడు. నేను చేతులు పైటలో పెట్టుకున్నాను.

"ఇంకోటి కూడా చెబుతున్నాడు తమ్ముడు" అంది సుమీ. ఏడుస్తూనే నవ్వింది. "నాన్నకి ఒక ఆడమనిషి గొంతు వినబడిందట. ఏ భాషో తెలియదట. బాగా తిడుతోందట. ఊళ్ళో ఆడవాళ్ళందర్నీ అడిగారు. ఆ వేళ ఎవరూ కొండ ఎక్కలేదు. పెద్దవాళ్ళని అలా తిట్టకూడదు, ఎవరో ఏమో, ఈసారి మర్యాదగా అడగమని చెప్పండి అంటున్నాడు నాన్న."

రాజన్న నోరు తెరవబోయాడు. నేను కళ్ళెర్రజేశాను. అతను ఊరుకున్నాడా, అంతా చెప్పేశాడు. సుమీ నా పైటలోంచి చేతులు బయటికి లాగి అరచేతులు చూసింది. వాటిని నుదుటికి ఆనించుకుంది. నేను వెంటనే లాక్కున్నాను.

పంట చేతికొచ్చింది. తమ్ముడే ఇప్పుడు గుడిసెలో పడుకుంటున్నాడట, అమ్మే మాట ఎత్తడం లేదు. ఊళ్ళో వంతులేసుకుని కాపలా కాస్తున్నారట. చలికాలం రాగానే సుమీ అన్నీ సర్దుకుని వెళ్ళిపోయింది. పోతూ తోట నాకు అప్పగించింది. మేడం కూడా కాదనలేదు. ఇన్నాళ్ళకి ఆ జాగా నాదైంది. తాడు ఇప్పుడూ కిటికీకే కట్టి ఉంది. గుంజితే టమాటా డబ్బాలే మోగుతాయి. ఎప్పుడు పట్టుకున్నా పొడి తాడే.

ప్రార్థన కూటంలో చెబితే ఒకరు దేవుడి కార్యం అన్నారు, ఒకరు ఎండలో కళ్ళు తిరిగాయన్నారు. కళ్ళు తిరిగితే చేతులకి పాచి ఎందుకు అంటుకుంటుంది? దేవుడి కార్యమైతే ఆయనకి ఆ కొండ మీద దగ్గరలో ఇంకెవరూ దొరకలేదా? నాకు ఎటూ తెగలేదు, ఇక తెగుతుందన్న ఆశా లేదు.

నన్ను ఒకే ఒక సంగతి తొలుస్తూ ఉంటుంది. మా చేలోకి ఉప్పునీరు ఊరిన రోజుల్లో నేను కేకేస్తే వినబడేంత దూరంలోనే ఉన్నాను. తింటున్నాను, పడుకుంటున్నాను. నా చేను నాకు ఏమీ చెప్పలేదు. ఏ తాడూ నా చేతికి రాలేదు. సముద్రాలు దాటి, నేను కాలు కూడా మోపని వాళ్ళ నేల నన్ను పనికి పిలుచుకుంది.

మొన్న సుమీ కాఫీ పొడి పంపింది. వాళ్ళ నాన్న నన్ను తోటకి రమ్మన్నాడట. గట్టు ఎక్కే ముందు ఒక కేక వేసి రమ్మన్నాడట, గొంతు గుర్తుపడతాడట. పాలు దండగని ఉత్త నీళ్ళలోనే కాచుకుని తాగాను.

బాగుంది. అదే నా కడుపుమంట.